ఇంట్లో షుగరు, బీపీ, స్టెంటు ఉన్నవాళ్లకు హెల్త్ పాలసీ: చేసి చూసిన చిట్కాలు

అత్తగారికి షుగరు, మామగారికి స్టెంటు, అమ్మకి థైరాయిడ్... ఇలాంటి ఇంటికి పాలసీ ఎవరిస్తారండీ అని చాలామంది మొదట్లోనే చేతులెత్తేస్తారు. ఇస్తారు. కాకపోతే ఉన్న జబ్బు దాచకూడదు, రాసింది చదవకుండా సంతకం పెట్టకూడదు, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోకూడదు. మా ఇంట్లోనూ, పుట్టింట్లోనూ, మా అపార్ట్‌మెంట్‌లో నన్ను అడిగినవాళ్లకూ పనికొచ్చినవి చెబుతున్నా, పెన్నూ కాయితం దగ్గర పెట్టుకోండి.

ముందు ఇంట్లో సర్దుకోవాల్సినవి

1. ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు పెట్టండి. ప్రిస్క్రిప్షన్లు, రక్తపరీక్షల రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీలు తేదీల వారీగా పెడితే ఫారం నింపే రోజూ, క్లెయిమ్ రోజూ బీరువా తిరగేయక్కర్లేదు.

2. పెద్దవాళ్లను "ఏమైనా జబ్బులున్నాయా" అనడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అంటారు. అందుకని మాత్రల డబ్బా ముందేసుకుని ఒక్కో స్ట్రిప్పు పేరూ రాసుకోండి. ఏది దేనికో మందుల షాపతను చెప్పేస్తాడు, "అదా, ఊరికే వేసుకుంటున్నా" అన్న బీపీ మాత్ర కూడా బయటపడుతుంది.

3. ప్రతి జబ్బు పక్కనా అది బయటపడ్డ నెల, సంవత్సరం రాసి, మొదటి ప్రిస్క్రిప్షన్ ఫొటో తీసి పెట్టండి. పాలసీకి ముందు 36 నెలల్లో డాక్టరు చెప్పినా, మందు వాడినా అది పాత జబ్బు కింద లెక్క. రేపు గొడవంటూ వస్తే ఆ తేదీల మీదే వస్తుంది.

4. ఆధార్‌లో వయసు సరిగా ఉందో లేదో చూడండి. మన ఊళ్లలో పెద్దవాళ్లు చాలామందికి జనవరి ఒకటే పుట్టినరోజు! తప్పుంటే ముందే సరిచేయించండి, క్లెయిమ్ వేళ వయసు తేడా అన్న పేచీ ఉండదు.

డబ్బు కట్టకుండా, తక్కువలో వచ్చేవి

5. ఇంట్లో 70 దాటినవాళ్లుంటే ముందు ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు, ఆదాయం ఎంతని అడగరు, ఏడాదికి 5 లక్షల వైద్యం, పాత జబ్బుకైనా మొదటిరోజు నుంచే.

6. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకీ ఈ కార్డు ఇస్తారు. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు మాత్రం రెండింటిలో ఒకటి తేల్చుకోవాలి. ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరున్నా ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపేనని గుర్తుంచుకోండి.

7. అర్హత ఉంటే ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ వదులుకోకండి. తెలంగాణలో 10 లక్షలు, ఏపీలో 25 లక్షల దాకా ఉంది, షుగరు ఉందా అని ముందు నిలదీయరు. మీ పక్కనున్న ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకి చెల్లుతుందో 104కి ఫోన్ చేసి రాసుకోండి.

8. మీ అబ్బాయి జీతం నెలకు 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతుంటే, అతని మీద ఆధారపడ్డ తల్లిదండ్రుల పేర్లు అందులో ఎక్కించారా చూడండి. కోత ఎలాగూ పడుతోంది, పేర్లు ఎక్కించకపోతే నష్టం మనకే.

9. ఆఫీసు గ్రూపు పాలసీల్లో చాలావాటికి పాత జబ్బుల వెయిటింగ్ (కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) ఉండదు, అదనంగా కడితే అమ్మానాన్నలనీ చేర్చుకోనిస్తారు. చేరినప్పుడో రెన్యువల్ అప్పుడో కొద్దిరోజులే అవకాశం ఇస్తారు, హెచ్చార్ మెయిల్ చూడమని మీ ఆయన వెంట పడండి.

10. అలాగని ఆఫీసు పాలసీ ఒక్కటే నమ్ముకోకండి, ఉద్యోగం మానిన రోజే అదీ పోతుంది. పక్కన 5 లక్షల సొంత పాలసీ మొదలెట్టేస్తే, ఆఫీసుది వాడుకుంటూ ఉండగానే సొంతదాని వెయిటింగ్ కరిగిపోతుంది.

11. ఉద్యోగం మారుతుంటే ఆఖరి రోజుకి ముందే, అదే కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలు ఉందా అని హెచ్చార్‌ని అడగండి. అప్పటిదాకా గడిచిన కాలం వెయిటింగ్‌లోంచి తీసేస్తారు.

12. బ్యాంకువాళ్లు ఖాతాదారులకిచ్చే గ్రూపు పాలసీ చవగ్గా వస్తుంది, తీసుకోవచ్చు. రేపు బ్యాంకు దాన్ని ఆపేస్తే మన పరిస్థితేంటో ముందే అడగండి, ఆ జవాబు నచ్చకపోతే వద్దు.

పాలసీ ఎంచేటప్పుడు

13. ప్రీమియం కన్నా ముందు పాత జబ్బుల వెయిటింగ్ ఎన్నాళ్లో చూడండి. 2024 ఏప్రిల్ నుంచి ఏ కంపెనీ అయినా 3 ఏళ్లకు మించి పెట్టకూడదు (అంతకుముందు 4 ఏళ్లు), 2 ఏళ్లవీ, ఏడాదివీ కూడా దొరుకుతున్నాయి.

14. షుగరు, బీపీ, ఆస్తమా లాంటివాటికి అదనపు ప్రీమియం కడితే నెలరోజుల తర్వాత నుంచే కవర్ ఇచ్చే పాలసీలున్నాయి. అదనం ఎంతో మూడేళ్లకి లెక్కేయండి, ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుతో పోల్చండి. పెద్దవాళ్ల విషయంలో ఎక్కువసార్లు అదనం కట్టడమే లాభం.

15. వెయిటింగ్‌లు మూడు రకాలు, కలగాపులగం చేసుకోకండి. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు; కంటి శుక్లాలు, హెర్నియా, పైల్స్, పిత్తాశయంలో రాళ్లు, మోకాలి మార్పిడి వంటివాటికి జబ్బు ముందున్నా లేకపోయినా మామూలుగా రెండేళ్లు; పాత జబ్బుల లెక్క వేరే. అత్తగారి కంటి ఆపరేషన్ వచ్చే వేసవికి పెట్టుకుని ఈ సంక్రాంతికి పాలసీ కొంటే ఆ ఖర్చు చేతినుంచే పెట్టుకోవాలి.

16. "నాన్నకి 68, ఇంకెవరిస్తారు" అనుకోకండి. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వకపోయినా ఫర్వాలేదన్న పాత నిబంధన 2024లో పోయింది, ఒక కంపెనీ కాదంటే ఇంకోదాన్ని అడగండి.

17. తల్లిదండ్రులనీ పిల్లలనీ ఒకే ఫ్లోటర్‌లో, అంటే అందరికీ కలిపి ఉండే ఒకే పాలసీలో, కలపకండి. ఫ్లోటర్ ప్రీమియం అందరిలోకీ పెద్దవాళ్ల వయసుని బట్టి పడుతుంది, పైగా మామగారి గుండె ఆపరేషన్‌కి మొత్తం ఖర్చయితే పిల్లాడి డెంగీకి ఏమీ మిగలదు.

18. పెద్దవాళ్లిద్దరిలో ఒకరు ఇన్సులిన్ మీద, ఒకరు శుభ్రంగా ఉంటే ఇద్దరికీ విడి పాలసీలే మేలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మంచి పాలసీ తేలిగ్గా దొరుకుతుంది, ఒకరి షుగరు వల్ల ఇద్దరి ఫైలూ ఆగదు.

19. కో పేమెంట్ ఎంతో వేలుపెట్టి చూపించమనండి. 20 శాతం అంటే 4 లక్షల బిల్లులో 80,000 మీదే, అదీ చేరిన ప్రతిసారీ.

20. గది అద్దె పరిమితి అన్నిటికన్నా మోసకారి. పాలసీలో రోజుకి 5,000 అని ఉండి మీరు 10,000 గది తీసుకున్నారనుకోండి, తేడా 5,000 మనం కట్టుకుంటే పోతుందనుకుంటాం. అంతటితో ఆగదు: డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చు లాంటివి కూడా అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. అవి 2 లక్షలుంటే లక్షే ఇస్తారు. మందులు, స్టెంటు లాంటి పరికరాలు, పరీక్షల జోలికి మాత్రం ఈ కోత రాకూడదు, బిల్లులో సరిచూడండి. నా ఓటు ఎప్పుడూ గది పరిమితి లేని పాలసీకే, లేదంటే కనీసం సింగిల్ ఏసీ రూమ్ అని రాసిఉన్నదానికి.

21. జబ్బుకింతని కట్టిన పరిమితులు అడగండి, ముఖ్యంగా శుక్లాలు, మోకాళ్లు, గుండెకి. పైన 10 లక్షలని రాసి, కంటికి 40,000 దగ్గర ఆపేసేవి ఉంటాయి.

22. జబ్బు ఉందని లోడింగ్, అంటే అదనపు ప్రీమియం, వేస్తామంటే ఉలిక్కిపడకండి. ఏడాదికి కొన్ని వేలు అదనంగా కట్టి పూర్తి కవర్ తెచ్చుకోవడం, చేరిన ప్రతిసారీ పాతిక శాతం జేబులోంచి పెట్టుకోవడం కన్నా నయం.

23. "ఫలానా జబ్బు ఎప్పటికీ కవర్ చేయం" అని కంపెనీ ఉత్తరం పంపితే ఒప్పుకునేముందు ఆగండి. మీ సమ్మతి లేకుండా అది చెల్లదు, ఇంకో కంపెనీ వెయిటింగ్‌తో ఒప్పుకుంటుందేమో కనుక్కున్నాకే సంతకం.

24. నెట్‌వర్క్‌లో పదివేల ఆసుపత్రులంటే మురిసిపోకండి. అర్ధరాత్రి ఆటోలో వెళ్లగలిగిన ఆసుపత్రీ, మామగారి గుండె డాక్టరున్న ఆసుపత్రీ ఉన్నాయా, అంతే. కంపెనీ తీసేసిన ఆసుపత్రుల జాబితా కూడా వెబ్‌సైట్‌లో ఉంటుంది, అదీ చూడండి.

25. 20 లక్షల పాలసీ బరువైతే 5 లక్షల మూల పాలసీ మీద సూపర్ టాపప్ వేయండి, చాలా తక్కువలో అయిపోతుంది. "సూపర్" ఉందో లేదో చూసుకోండి: ఏడాదిలో రెండుసార్లు నాలుగేసి లక్షలయితే 5 లక్షలు దాటిన 3 లక్షలూ సూపర్ టాపప్ ఇస్తుంది, ఉత్త టాపప్ పైసా ఇవ్వదు. దీనికీ పాత జబ్బుల వెయిటింగ్ ఉంటుంది కాబట్టి మూల పాలసీతో పాటే మొదలెట్టండి.

26. "అయిపోతే మళ్లీ నింపుతాం" అనే రీస్టోర్ సదుపాయం అదే జబ్బుకి, అదే మనిషికి పనిచేస్తుందా అడగండి. కిడ్నీ, గుండె జబ్బులవాళ్లు మళ్లీ చేరేది దాదాపు అదే జబ్బుతోనే.

27. నెలనెలా మాత్రలు, డాక్టరు ఫీజు మామూలు పాలసీలో రావు, వస్తాయని ఏజెంటు అంటే రాసిమ్మనండి. మాత్రల ఖర్చుకి జన ఔషధి కేంద్రం ఉంది. డాక్టరుని అడిగి జెనెరిక్ పేరు రాయించుకెళితే షుగరు, బీపీ మందుల బిల్లు బాగా దిగుతుంది.

28. ఏదీ కుదరకపోతే ఆరోగ్య సంజీవని అడగండి. 2020 నుంచి ఉన్న ప్రామాణిక పాలసీ ఇది, ఏ కంపెనీ దగ్గర కొన్నా నిబంధనలు ఒకటే, 5 శాతమే కో పేమెంట్. న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా లాంటి ప్రభుత్వ కంపెనీలతో మొదలెట్టండి.

29. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి, క్యాన్సర్ చికిత్స నడుస్తున్నవాళ్లకి నిజంగానే ఎవరూ ఇవ్వకపోవచ్చు. అక్కడ తిరిగి తిరిగి అలసిపోకండి: ఆరోగ్యశ్రీ, వయ వందన కార్డు చూసుకుని, ప్రీమియం అనుకున్న డబ్బు నెలనెలా ఆర్‌డీలో వేసేయండి.

ఫారం నింపే రోజు

30. ఏజెంటు గబగబా అన్ని ప్రశ్నలకీ "లేదు" అని టిక్ పెట్టేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపండి. "షుగరు రాస్తే పాలసీ రాదండీ, నేను చూసుకుంటా" అనే మనిషి క్లెయిమ్ రోజున ఫోనెత్తడు. రాస్తే ప్రీమియం పెరగొచ్చు, మహా అయితే ఆ కంపెనీ కాదంటుంది. దాస్తే క్లెయిమూ పోతుంది, పాలసీయే రద్దవుతుంది, మళ్లీ ఇంకో కంపెనీకి వెళితే "ఇదివరకు మీ పాలసీ ఎవరైనా రద్దుచేశారా" అన్న ప్రశ్న ఎదురవుతుంది.

31. ఓటీపీ చెప్పేముందు నింపిన ఫారం వాట్సాప్‌లో పెట్టించుకుని చదవండి. ఓటీపీ చెప్పారంటే సంతకం పెట్టినట్టే.

32. కంపెనీ నుంచి డాక్టరు ఫోన్ చేస్తే పెద్దవాళ్ల పక్కన మీరూ కూర్చోండి, ఫైలు ముందు పెట్టుకోండి. ఆ మాటలు రికార్డవుతాయి. మొహమాటానికి "ఏం లేదు బాబూ" అనకుండా చూసుకోవాలి.

33. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కిచ్చేయొచ్చు, చిన్న కోతలు పోను డబ్బు తిరిగొస్తుంది. ఆ నెలలోనే మీ ఫారం కాపీ తీసి, చెప్పిన జబ్బులన్నీ అందులో ఎక్కాయా అని గీతగీసి చూడండి. ఎక్కకపోతే వెంటనే మెయిల్ పెట్టండి.

34. పాలసీతో పాటు ముఖ్యాంశాల పత్రం, అదే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్, తప్పకుండా ఇవ్వాలి. తెలుగులో కావాలంటే అడిగి తీసుకోండి, అడగందే పంపరు.

35. అయిదేళ్లు, అంటే 60 నెలలు, ఆగకుండా కడితే ఆ తర్వాత "అప్పుడు చెప్పలేదు" అన్న సాకుతో క్లెయిమ్ కొట్టేయకూడదు. ఇదివరకు ఇది ఎనిమిదేళ్లు. దాచేసి అయిదేళ్లు గడిపేద్దామన్న తెలివి మాత్రం వద్దు, మోసమని రుజువైతే ఈ రక్షణ వర్తించదు.

36. పాలసీ తీసుకున్నాక కొత్తగా షుగరు వస్తే అది పాత జబ్బు కాదు, మూడేళ్లు ఆగనక్కర్లేదు. అందుకే మొదటిసారి బయటపడ్డ రిపోర్టు పారేయకండి, పాలసీ తర్వాతే వచ్చిందని చెప్పేది ఆ కాయితమే.

ప్రీమియం దగ్గర మిగుల్చుకునేవి

37. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. కోట్‌లో ఇంకా పన్ను కలిపి చూపిస్తే ఎందుకని అడగండి.

38. పాత పన్ను విధానంలో ఉంటే, 80డి అంటామే, ఆ మినహాయింపు మీకు 25,000, అరవై దాటిన తల్లిదండ్రులకి విడిగా 50,000. ప్రీమియం నగదుగా కడితే రాదు, యూపీఐ అయినా చెక్కు అయినా ఫర్వాలేదు.

39. ఎవరి తల్లిదండ్రుల ప్రీమియం వాళ్ల ఖాతా నుంచే కట్టండి. అత్తమామలకి కట్టినదానికి కోడలికి మినహాయింపు రాదు, కొడుకు కడితే వస్తుంది. మా ఇంట్లో ఉద్యోగం చేసే జంటలందరికీ చెప్పేది ఇదే.

40. పాలసీయే దొరకని అరవై దాటిన తల్లిదండ్రులకి మందులకీ, ఆసుపత్రికీ పెట్టిన ఖర్చుకి కూడా అదే 50,000 మినహాయింపు ఉంది. బిల్లులు ఫైల్లో దాచి, కార్డుతోనో ఫోన్‌తోనో కట్టండి.

41. చేతిలో ఉంటే రెండు మూడేళ్లకి ఒకేసారి కట్టండి. తగ్గింపు వస్తుంది, ఆ రెండు మూడేళ్లూ రేటు పెంచలేరు, మధ్యలో గడువు మర్చిపోయే భయమూ ఉండదు.

42. అరవై దాటినవాళ్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో మాట్లాడాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. అంతకన్నా ఎక్కువ పెరిగితే పళ్లు బిగించి కట్టేయకండి, కారణం మెయిల్‌లో అడగండి.

43. గడువు దాటినా ఏడాది పాలసీకి 30 రోజుల వెసులుబాటు ఉంది, అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పోదు. కానీ ఆ మధ్యలో వచ్చిన జబ్బుకి డబ్బు రాదు. క్యాలెండర్‌లో నెల ముందే ఎర్ర గుండ్రం చుట్టండి.

కంపెనీ మార్చాలంటే

44. సేవ నచ్చకపోతే పోర్టింగ్‌కి రెన్యువల్‌కి 45 రోజుల ముందే అడగండి, దీనికి ఫీజు లేదు. పాత కంపెనీలో రెండేళ్లు గడిచాయంటే కొత్తదాంట్లో ఆ రెండేళ్లూ తీసేస్తారు.

45. పోర్టింగ్‌లో బీమా మొత్తం 5 నుంచి 10 లక్షలకి పెంచితే, పెరిగిన 5 లక్షలకి వెయిటింగ్ మళ్లీ మొదటినుంచి. కొత్త కంపెనీ కాదనొచ్చు కూడా, కాబట్టి వాళ్ల ఒప్పుకోలు చేతికొచ్చేదాకా పాతదాన్ని వదలకండి.

ఆసుపత్రిలో

46. చేరిన అరగంటలో డ్యూటీ డాక్టరు వచ్చి "షుగరు ఎప్పట్నుంచమ్మా" అని అడుగుతాడు. అత్తగారు నీరసంగా "ఓ పదేళ్ల నుంచీ ఉంటుంది నాయనా" అంటారు, అసలు బయటపడింది ఆరేళ్ల క్రితం. అతను కేస్ షీట్‌లో పదేళ్లని రాసేస్తాడు, కంపెనీ ఆ ఒక్క అంకె పట్టుకుని ఫారంలో ఆరేళ్లని ఎందుకు రాశారంటుంది. ఆ సమయానికి పక్కనుండి ఫైల్లోని మొదటి ప్రిస్క్రిప్షన్ చూపించండి, ఉన్నదున్నట్టు రాయించండి.

47. డిశ్చార్జి సమ్మరీ చేతికిచ్చాక కూర్చుని చదివాకే బయల్దేరండి. పేరు, వయసు, జబ్బు వయసు తప్పుంటే అప్పుడే డాక్టరు సంతకంతో దిద్దించుకోవచ్చు. ఇంటికెళ్లాక దాని కోసం తిరగాలంటే ప్రాణం విసిగిపోతుంది.

48. క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ జవాబివ్వాలి, డిశ్చార్జి అప్పుడు మూడు గంటల్లో తేల్చాలి. అంతకన్నా ఆలస్యమై అదనపు గది అద్దె పడితే అది కంపెనీ ఖర్చే, మనది కాదని గట్టిగా చెప్పండి.

49. చేరకముందు 30 రోజులు, బయటికొచ్చాక 60 రోజుల మందులూ పరీక్షలూ చాలా పాలసీల్లో వస్తాయి. చిల్లర బిల్లులని పారేయకండి, కవర్లో వేస్తూ పోతే అవే వేలవుతాయి.

50. అమ్మాయి పురిటికి అమెరికా వెళ్తుంటే ఇక్కడి పాలసీ అక్కడ పనికొస్తుందనుకోకండి, ప్రయాణ బీమా వేరే తీసుకోవాలి. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే ఏమిస్తారో, ఏ వయసు దాకా ఇస్తారో ఆ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. అక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రి బిల్లే గుండె ఆపుతుంది.

51. క్లెయిమ్ కొట్టేస్తే కారణం, పాలసీలోని ఏ నిబంధనో రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీలోని క్లెయిమ్ సమీక్ష కమిటీ ఒప్పుకోకుండా కొట్టేయకూడదు, కమిటీ చూసిందా అని కూడా అడగండి. 155255కి ఫోన్ చేసి గానీ, బీమా భరోసా పోర్టల్‌లో గానీ ఫిర్యాదు పెట్టండి.

52. కంపెనీకి ఫిర్యాదు చేశాక నెల దాటినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లోనే, 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయరుతో పనిలేదు. ఫైలు పట్టుకెళ్తే చాలు.